బీచ్ రోడ్డులో సముద్రమేదీ!

సింగపూర్ వెళ్తే ఏం చూస్తారు? ఆకాశాన్నంటే భవనాలు, నోట్లోంచి నీళ్లు చిమ్మే సింహం... అంతేగా! మేమూ అదే అనుకుని బయల్దేరాం. ఉప్పాడ నుంచి వచ్చిన మా నాన్న మాత్రం ఆ రోజంతా సముద్రపు ఒడ్డునే వెతికారు.

పొద్దున్నే సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ దర్శనం. 1855 నాటి ఆలయం. గోపురం చూసి అమ్మ ‘అన్నవరం వచ్చినట్టుందిరా’ అంది. పక్క హోటల్లో ఇడ్లీలు తిని, మెట్రో రైల్లో బుగిస్‌లో దిగాం. నాలుగడుగులు వేస్తే బీచ్ రోడ్డు. పేరు వినగానే నాన్న పంచె ఎగ్గట్టారు.

‘ఒరే అబ్బాయ్, బీచ్ రోడ్డంటున్నావు... సముద్రమేదిరా?’

చుట్టూ మేడలే. 1887లో ర్యాఫెల్స్ హోటల్ తెరిచినప్పుడు దాని ముందే అలలుండేవి. తర్వాత సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయారు. ‘సముద్రాన్ని వెనక్కి తోసేశారా?’ నాన్న అక్కడే నిలబడిపోయారు.

ఆయన ఆశ్చర్యానికి కారణముంది. జాంధానీ చీరలకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మా ఊరిని సముద్రం ఏటా కొరుక్కుతింటోంది. తాతయ్య కట్టిన ఇల్లు, అందులోని గుంట మగ్గం ఓ తుపానులో అలల పాలయ్యాయి. గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గడం, హోప్ ఐలాండ్ పెరిగి అలల తాకిడి మా వైపు మళ్లడం కొన్ని కారణాలని నిపుణులంటారు. 2010 ప్రాంతంలో వేసిన జియోట్యూబు గోడా ఆ పోటుకి నిలవలేదు.

మధ్యాహ్నం తెలుక్ అయర్ వీధికెళ్లాం. మలయ్ భాషలో ‘తెలుక్’ అంటే అఖాతం. ఓడ దిగిన చైనా నావికులు మొక్కులు తీర్చుకున్న థియాన్ హాక్ కెంగ్ గుడి, మన తమిళ తీరం నుంచి వచ్చిన ముస్లింలు 1828-30 మధ్య కట్టుకున్న నాగూర్ దర్గా... రెండూ అప్పట్లో ఒడ్డునే ఉండేవట. ఇప్పుడు వాటి ముందు రోడ్డు, ఆఫీసులు!

అక్కడి నుంచి మెర్లయన్. 1972లో పెట్టిన ఈ సింహానికి కొత్త వంతెన అడ్డొచ్చిందని 2002లో 120 మీటర్ల అవతలికి జరిపారు. పిల్లలు ఫొటోలకి పోజులిస్తుంటే నాన్న నన్ను పక్కకి పిలిచారు. ‘బొమ్మనే జరిపేశారే... మన ఊరికి ఓ గోడ కట్టలేరా?’ నేనేం చెప్పను!

సాయంత్రం ఈస్ట్ కోస్ట్ పార్కు. ఎట్టకేలకి ఇసక, అలలు. అమ్మ కాళ్లు తడుపుకుని నెత్తిన నీళ్లు చల్లుకుంది. ‘ఇదీ పూడ్చిన నేలే నాన్నా. 1960ల్లో మొదలుపెట్టారు. అప్పుడు దేశమంతా సుమారు 580 చదరపు కిలోమీటర్లు. ఇప్పుడు 730 దాటింది’ అన్నాను.

నాన్న గుప్పెడు ఇసక తీసుకున్నారు. ‘ఇంత ఇసకెక్కడిదిరా?’

మొదట్లో ఇక్కడి గుట్టలు తవ్వారనీ, తర్వాత పొరుగు దేశాల నుంచి ఓడల్లో తెచ్చారనీ చెప్పాను. తమ తీరాలు పాడవుతున్నాయని మలేసియా 1997లో, ఇండొనేసియా 2007లో ఇసక ఎగుమతి ఆపేసిన సంగతీ చెప్పాను. ఆయన గుప్పిట మెల్లగా విప్పారు.

‘అయితే ఇంకెక్కడో మనలాంటి ఊరే ఉంటుందన్నమాట.’

చీకటి పడుతోంది. ఇక్కడ ఏడున్నరంటే ఉప్పాడలో అయిదు. నాన్న ఫోనడిగి పక్కింటి బాబాయికి చేశారు. సింగపూర్ ఎలా ఉందని ఆయన అడుగుతూనే ఉన్నారు. నాన్న అదేమీ వినిపించుకోలేదు.

‘రేపు పౌర్ణమి కదా... నీళ్లు రోడ్డు మీదకి వచ్చాయేంట్రా?’