భుజంలో తేలే కార్టిలేజ్ ముక్కలు: కీహోల్ సర్జరీ ఎవరికి, ఎలా?

ఈ ఎపిసోడ్‌లో భుజం కీలులో అరుదుగా వచ్చే ఒక సమస్య గురించి మాట్లాడుకుందాం. దాని పేరు సైనోవియల్ కాండ్రోమటోసిస్. పేరుకి నోరు తిరగకపోయినా విషయం మాత్రం సులువే. కార్టిలేజ్, అంటే మృదులాస్థి, కీలు లోపల ఉండకూడని చోట చిన్న చిన్న ఉండల్లా పెరగడం.

మన కీలుకి లోపలివైపు ఒక పల్చటి పొర ఉంటుంది. దాన్ని సైనోవియం అంటాం. కీలు సాఫీగా కదలడానికి కావాల్సిన జిగట ద్రవాన్ని తయారు చేయడం దాని పని. ఈ జబ్బులో ఆ పొర అక్కడక్కడా కార్టిలేజ్‌ని తయారు చేయడం మొదలుపెడుతుంది. అవి గింజల్లా పెరిగి, కొన్నాళ్లకి పొర నుంచి తెగిపోయి, కీలులో తేలుతుంటాయి. కొన్ని సగ్గుబియ్యం అంత ఉంటాయి, కొన్ని శనగగింజంత ఉంటాయి. విచిత్రం ఏంటంటే, తెగిపోయాక కూడా కీలు ద్రవం నుంచే పోషణ తీసుకుని ఇంకా పెరగగలవు.

ఇది ఎక్కువగా మోకాలికి వస్తుంది, భుజానికి తక్కువ. సాధారణంగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య, ఆడవాళ్ల కంటే మగవాళ్లలో ఎక్కువగా చూస్తాం.

"ఇది క్యాన్సరా డాక్టర్ గారూ?" అని చాలామంది అడుగుతారు. కాదండి. క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. ఆ అరుదైన అవకాశాన్ని కూడా వదలకూడదు కాబట్టే, తీసిన వాటిని బయాప్సీకి పంపుతాం.

మరి అసలు ఇబ్బంది ఎక్కడ? గుర్తించడంలో. మన దగ్గర భుజం నొప్పి అనగానే "ఫ్రోజెన్ షోల్డర్, వ్యాయామం చేస్తే పోతుంది" అనేస్తారు. గోడలకి రంగులు వేసే ఒకాయన నా దగ్గరికి వచ్చేసరికి, అదే మాట మీద ఎనిమిది నెలలు గడిచిపోయాయి. చెయ్యి పైకి లేపితే మధ్యలో టక్కున ఇరుక్కుంటుంది, కాస్త విదిలిస్తే వదులుతుంది. పని దాదాపు మానేశాడు. ఫ్రోజెన్ షోల్డర్‌లో చెయ్యి అన్నివైపులా బిగుసుకుపోతుంది. ఇలా ఇరుక్కోవడం, వదలడం, లోపల కరకరమనడం ఉంటే కీలులో ఏదో తిరుగుతోందేమో అని అనుమానించాలి.

అప్పటిదాకా ఆయనకి ఒక్క ఎక్స్‌రే కూడా తీయలేదు. తీస్తే గుండ్రటి ముక్కలు స్పష్టంగా కనిపించాయి. అయితే ఒక మాట గుర్తుపెట్టుకోండి: కాల్షియం చేరని ముక్కలు ఎక్స్‌రేలో కనపడవు. ఎక్స్‌రే మామూలుగా ఉన్నా లక్షణాలు తగ్గకపోతే ఎమ్‌ఆర్‌ఐ అవసరం.

ఇబ్బంది ఏమీ లేకపోతే ఆపరేషన్ లేకుండా గమనిస్తూ ఉండొచ్చు. నొప్పి, ఇరుక్కోవడం ఉంటే మాత్రం ముక్కలు మందులకి కరగవు, తీయాల్సిందే. ఆలస్యం చేస్తే అవి నునుపైన కీలు ఉపరితలాన్ని రాపిడితో అరగదీస్తాయి. ఒకసారి అరిగిన కార్టిలేజ్ మళ్లీ మామూలుగా రాదు.

ఆపరేషన్ ఎలా చేస్తామంటే, జనరల్ అనస్థీషియా ఇస్తాం. దానితో పాటు మెడ పక్కన నరాలకి మత్తు ఇంజెక్షన్ కూడా ఇస్తే, తర్వాత కొన్ని గంటలు నొప్పి తెలియదు. భుజం వెనకాల చిన్న రంధ్రం చేసి, 4 మిల్లీమీటర్ల కెమెరా పంపి, సెలైన్‌తో కీలుని ఉబ్బిస్తాం. ముందువైపు ఇంకో రంధ్రం నుంచి పరికరాలు పంపి, స్క్రీన్ మీద చూస్తూ ముక్కల్ని ఒక్కొక్కటిగా తీస్తాం. మరీ పెద్దవి ఉంటే రంధ్రాన్ని కాస్త పెంచుతాం.

ముక్కలు తీసేస్తే పని అయిపోయినట్టు కాదు. 1977లో మిల్‌గ్రామ్ ఈ జబ్బుని మూడు దశలుగా వివరించారు: పొరలో మాత్రమే జబ్బు ఉన్న దశ, పొరలోనూ జబ్బు ఉండి, కీలులో ముక్కలూ ఉన్న దశ, పొర శాంతించి ముక్కలు మాత్రమే మిగిలిన దశ. పొర ఇంకా చురుగ్గా ఉంటే దాన్ని కూడా షేవర్‌తో తీసేయాలి. కుళాయి కట్టకుండా నీళ్లు ఎత్తిపోసి లాభం లేదు కదా! భుజంలో ఇంకో చిక్కు ఉంది. బైసెప్స్ కండర తాడు చుట్టూ ఉండే తొడుగులోకి ముక్కలు జారి దాక్కుంటాయి. అక్కడికి కెమెరా అందకపోతే చిన్న కోత పెట్టి తీయాల్సి వస్తుంది.

ఎముకకి కుట్టిందేమీ ఉండదు కాబట్టి చేతిపట్టీ కొద్దిరోజులే. చెయ్యి ఊపే తేలిక వ్యాయామాలు త్వరగా మొదలుపెట్టి, ఫిజియోథెరపీతో కదలిక, బలం పెంచుతాం. రంగులు వేసే ఆయన ఇప్పుడు మళ్లీ నిచ్చెన ఎక్కుతున్నాడు.

రెండు నిజాలు ముందే చెప్పాలి. కొంతమందిలో ఇది తిరిగి రావచ్చు, అందుకే చెకప్‌లు మానకూడదు. కీలు అప్పటికే బాగా అరిగిపోయి ఉంటే, ముక్కలు తీసినా అరుగుదల నొప్పి మిగిలే ఉంటుంది.

కాబట్టి మీ భుజం నొప్పితో పాటు మధ్యలో ఇరుక్కుంటుంటే, ఏ పేరు పెట్టి వ్యాయామాలు చెప్పినా సరే, ముందు ఒక ఎక్స్‌రే తీయమని అడగండి. అలా అడగడం డాక్టర్ని తప్పుపట్టడం కాదండి, మీ కీలుని కాపాడుకోవడం.