చిలికకు వచ్చే టండ్రా పిట్ట

ఖరగ్‌పూర్‌లోని ప్రేమ్ బజార్ తెలుగువారు రైల్లో ఆంధ్రకు వెళ్తుంటే, ఒడిశాలో ఎడమవైపున చిలిక సరస్సు కనిపిస్తుంది. చలికాలంలో దాని బురదలో కర్‌ల్యూ శాండ్‌పైపర్ అనే చిన్న ఉల్లంకి పిట్టలు పురుగులు ఏరుకుంటాయి. అవి గుడ్లు పెట్టేది మాత్రం సైబీరియా ఉత్తరపు అంచున, టైమిర్ వంటి టండ్రా నేలల్లో. అక్కడి కొద్దిపాటి వేసవిలో పిల్లలకు కావలసినన్ని కీటకాలు దొరుకుతాయి. లెమ్మింగులనే ఎలుకజాతి జంతువులు విరివిగా ఉన్న ఏడు ధ్రువపు నక్కలు వాటినే తింటాయి. అవి తగ్గిన ఏడు పక్షిగూళ్ళ మీద పడతాయి. ఆ చలికాలం దక్షిణానికి వచ్చే గుంపుల్లో పిల్లపక్షులు తక్కువ!

కాబట్టి చిలికను ఒక్కదాన్నే కాపాడితే చాలదు. టైమిర్‌లో 1993లో సుమారు 42 వేల చదరపు కిలోమీటర్ల గ్రేట్ ఆర్కిటిక్ అభయారణ్యం ఏర్పడింది (అరణ్యం అంటున్నాం గాని, అక్కడ చెట్లు ఉండవు). మనుషులే లేని చోట కాపలా ఎందుకంటారా? 2020లో దానికి దక్షిణాన నొరిల్స్క్ వద్ద ఒక ట్యాంకు నుంచి సుమారు 20 వేల టన్నుల డీజిల్ నేలలోకీ నదుల్లోకీ పారింది. చమురును విచ్ఛిన్నం చేసే సూక్ష్మజీవులు ఆ చలిలో చాలా నెమ్మదిగా పనిచేస్తాయి.