కిరీటమూ వాదనపత్రమూ

పాప్ ఆర్ట్‌ను వట్టి రంగుల ఆర్భాటమని కొట్టిపారెయ్యడం తేలిక. 1962లో అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ సూపు డబ్బాలనూ, సినీతార మార్లిన్ మన్రో ముఖాన్నీ ఒకే తీరున వరసలుగా పేర్చాడు. ముఖం కూడా సరుకైపోయిన సమాజాన్ని ఆ రూపం బాగానే పట్టింది. మరి న్యాయరంగంలో దారి వేసిన స్త్రీని గౌరవించడానికి అది పనికొస్తుందా?

రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ 1993లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయింది. ఓటుహక్కుల చట్టాన్ని నీరుగార్చిన 2013 నాటి తీర్పుతో విభేదించాక, వంకర కిరీటంతో, మెడపట్టీతో పోస్టర్లకూ చొక్కాలకూ ఎక్కింది. మెడపట్టీ సార్థకమైన ప్రతీకే. అసమ్మతి ప్రకటించే రోజున ఆమె ప్రత్యేకించి ఒకటి ధరించేది. కిరీటమే నాకు మింగుడుపడదు. ఒక ర్యాప్ గాయకుడి ఫొటోనుంచి తెచ్చిన చమత్కారమే అనుకోండి, సమానత్వం కోసం వాదించిన మనిషికి కిరీటమేమిటి?

చనిపోయిన కొడుకు ఆస్తి నిర్వహణలో తల్లికన్న తండ్రికే ప్రాధాన్యమిచ్చిన ఐడహో చట్టాన్ని 1971లో, రీడ్ కేసులో, సుప్రీంకోర్టు కొట్టేసింది. వాదనపత్రం ప్రధానంగా రాసింది గిన్స్‌బర్గే. అయినా దాని ముఖపత్రం మీద పాలీ మరే, డొరొతీ కెన్యన్‌ల పేర్లు కూడా వేసింది, ఆ వాదానికి ముందుగా బాట తీసింది వాళ్లేనని. పోస్టరు ఆ పేర్లను వదిలేసింది. వరసలు పేర్చడమే పాప్ ఆర్ట్ గుట్టు గదా, ఒకే ముఖానికి బదులు ఈ ముగ్గురినీ పేర్చవచ్చు.