పరగడుపు చక్కెర – మన రాత్రి భోజనం



“రాత్రి ఒక్క పుల్కా తిని పడుకున్నానండీ. పొద్దున్నే చూసుకుంటే 160! తినకుండా ఈ చక్కెర ఎక్కడినుంచి వచ్చింది?” షుగరు ఉన్న ఆడవాళ్లు తరచు అడిగే ప్రశ్న ఇది. ఆ అంకె చూసి భయపడి, మర్నాడు ఆ పుల్కా కూడా మానేసేవాళ్లున్నారు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

మన కాలేయం గాదె వంటిది. తిన్నదానిలో కొంత దాచి, మనం నిద్రపోతున్నప్పుడు కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు శరీరం మేలుకోవటానికి సిద్ధపడుతుంది. అప్పుడు ఊరే హార్మోనుల వల్ల ఆ గాదె మరికాస్త తెరుచుకుంటుంది. ఆరోగ్యవంతులలో ఇన్సులిన్ ఊరి దాన్ని సరిదిద్దుతుంది. షుగరు ఉన్నవారిలో ఆ పని చాలినంత జరగదు. 1981లో వైద్యులు దీనికి ‘డాన్ ఫినామినన్’ అని పేరు పెట్టారు. అంటే, వేకువ పెరుగుదల అన్నమాట.

అయితే అందరికీ కారణం ఇదొక్కటే కాదు. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే రెండు మూడు రోజులు పడుకోబోయే ముందు, రాత్రి 3 గంటలకు, పొద్దున కాఫీ తాగకముందు చూసి, ఒక పుస్తకంలో రాసుకోండి. పడుకునేటప్పుడే ఎక్కువ ఉంటే రాత్రి తిండిని అనుమానించాలి. మొదటి రెండూ బాగుండి పొద్దున మాత్రమే పెరిగితే అది వేకువ పెరుగుదల. మందు మోతాదో, వేళో డాక్టరుగారు మారుస్తారు. రాత్రి 3 గంటలకు 70 కంటే తగ్గితే మాత్రం వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. తెల్లవారగానే డాక్టరుకు చెప్పాలి. మాత్రలో, ఇన్సులినో వాడుతూ రాత్రి భోజనం మానేస్తే వచ్చే ముప్పు ఇదే.

ఇక మన వంటింటి సంగతి. మార్కాపురం కానివ్వండి, గిద్దలూరు కానివ్వండి, చాలా ఇళ్లల్లో ఇల్లాలు కూర్చునేది అందరూ తిన్నాక, ఏ పదింటికో. మిగిలిన అన్నం పారేయలేక అదీ ఆవిడే తింటుంది. తిని గిన్నెలు కడిగి వెంటనే నడుం వాలుస్తుంది. ఆ భోజనం ఏడున్నరకు జరపండి. పిల్లలతోబాటే కూర్చోండి. కంచంలో సగం బీర, సొర, గోరుచిక్కుడు వంటి కూరలు. పావు వంతు పప్పో, అలసందలో. మిగిలిన పావు వంతే అన్నమో, రొట్టో.

మన పడమటి మెట్ట ప్రాంతానికి సజ్జ, జొన్న, కొర్ర కొత్తవి కావు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం రాకముందు చాలా ఇళ్లల్లో అవే తిండి. తెల్లబియ్యం కన్నా వీటిలో పీచు ఎక్కువ, చక్కెర మెల్లగా పెరుగుతుంది. అలాగని సజ్జసంగటి రెండు ముద్దలు లాగిస్తే లాభం లేదు. అదీ పిండిపదార్థమే, కొలతగానే తినాలి. శనివారం ఒక్కపొద్దుండి రాత్రి ఫలహారమని ఉప్మా, అరటిపళ్లు కడుపునిండా తిన్నా అంతే. మందులు వాడేవారు డాక్టర్ని అడగనిదే ఉపవాసం ఉండకూడదు.

భోజనమయ్యాక మిద్దెమీదో, వాకిట్లోనో ఒక పావుగంట నడవండి. వేళకు పడుకోండి, నిద్ర చాలకపోయినా చక్కెర పెరుగుతుంది. షుగరు ఉన్నవారిలో చాలామందికి పరగడుపున 80 నుంచి 130 లోపు ఉంటే మంచిదంటారు. పెద్దవయసు వారికి, గర్భిణులకు లెక్క వేరు. ఒక్కరోజు అంకె చూసి మీ అంతట మీరు మాత్ర పెంచకండి, మానకండి. ఆ పుస్తకం తీసుకెళ్లి డాక్టరుగారికి చూపించండి.

రాత్రి భోజనం వేళ మార్చుకోవటానికి మందుల చీటీ అక్కర్లేదు. ఇంట్లోవాళ్లు కాస్త సర్దుకుంటే చాలు. ఆ మాట వాళ్లతో ఇవాళే చెప్పండి.