జడకుప్పెలు చెదరకుండా... వీడియోలో వెనకదంతా తీయించాలంటే

మా డాన్సు స్కూలు అమ్మాయి చేసిన కూచిపూడి వీడియో మూడు నిమిషాలు. నాట్యం చూడముచ్చటగా వచ్చింది. వెనకాల మాత్రం పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, స్విచ్ బోర్డు, మధ్యలో టీ ఫ్లాస్కుతో నడిచెళ్లిన పెద్దమనిషి! అమ్మాయిని ఉంచి మిగతాదంతా తీసేసి, దీపాల వరుస పెట్టిస్తే బాగుంటుందనిపించింది. ఈ పని చేసిపెట్టే ఫ్రీలాన్సర్ కోసం వెతుకుతూ నేను తెలుసుకున్న సంగతులివి. చీరలమ్మేవారికీ, వంటల వీడియోలు తీసేవారికీ కూడా పనికొస్తాయి.

ఎందుకంత ఖరీదు?

"ఫొటోలో అయితే నిమిషంలో తీసేస్తారుగా, దీనికిన్ని వేలా?" అన్నారు మావారు. నిజమే, కానీ వీడియో అంటే ఫొటోల దండ. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున లెక్కేసినా మూడు నిమిషాలకు 4,500 బొమ్మలు! ప్రతిదాన్లోనూ మనిషి చుట్టూ గీత సరిగ్గా పడాలి. దీన్నే రోటోస్కోపింగ్ అంటారు. సినిమా ఫ్రేమును గాజుపలక మీద పడేలా చేసి, దాన్ని చూసి గీసుకునే పరికరానికి అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ 1917లోనే పేటెంటు పొందాడు.

ఇప్పుడు కంప్యూటరు చాలావరకు తానే గీత గీసేస్తుంది. మరి మనిషెందుకంటారా? ఎగిరే జడ, వేళ్ల సందులు, గిర్రున తిరిగినప్పుడు మసకగా సాగిపోయే చెయ్యి... ఇక్కడే అది తడబడుతుంది. నాట్యంలో ఇది చిన్న విషయం కాదు. నాలుగు వేళ్లూ చేర్చి చాచి, బొటనవేలు వంచితే పతాకం. ఉంగరపు వేలు కూడా వంచితే త్రిపతాకం. ఒక్క వేలు చెరిగిపోతే ముద్రే మారిపోతుంది!

కష్టమైన ముక్కే ఇవ్వండి

ముగ్గురితో మాట్లాడాను. అమ్మాయి గిర్రున తిరిగే అయిదు సెకన్ల ముక్కనే నమూనాగా ముగ్గురికీ పంపాను. కదలకుండా నిలబడిన చోటు ఎవరైనా బాగానే చేస్తారు కదా! ఒకరి పనిలో జడకుప్పెలు గోడతోబాటే పోయాయి. ఇంకొకరు అంచులు మరీ మెత్తగా చేసేసరికి అమ్మాయి చుట్టూ పొగ కమ్మినట్టుంది. విజయవాడలో ఇంటి నుంచే పనిచేసే మూడో ఆవిడ మొదలెట్టకముందే, "వెనకాల ముదురు రంగు పెడతారా, లేత రంగా?" అని అడిగింది. లేత గోడ ముందు తీసిన బొమ్మను చీకట్లో పెడితే చుట్టూ తెల్లటి అంచు కనిపిస్తుందట. ఆ ప్రశ్నతోనే ఆమెకు పని వచ్చని అర్థమైంది. "అంతా ఎందుకండీ, మీక్కావలసిన భాగమే కత్తిరించి పంపండి" అని సలహా కూడా ఇచ్చింది. 40 సెకన్లకు కుదిస్తే 1,000 ఫ్రేములే!

నమూనాకు కూడా డబ్బివ్వండి. 'ఇంట్లో కూర్చుని చేసేదేగా' అని గీచిగీచి బేరమాడొద్దు. మనం పెట్టిన పచ్చడికి ఎవరైనా ఆ మాటంటే మనకెలా ఉంటుంది?

కాగితం మీద పెట్టుకోండి

* ఎన్ని ఫ్రేములు, ఏ తేదీకి, ఎన్నిసార్లు సరిదిద్దాలి, అడ్వాన్సు ఎంత... అన్నీ ముందే రాసుకోవాలి.
* ఒరిజినల్ ఫైలునే పంపాలి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత తగ్గి అంచులు చెదురుతాయి.
* మామూలు ఎంపీ4 ఫైలులో వెనక భాగం ఖాళీగా నిలవదు. పీఎన్‌జీ బొమ్మల వరుసగానో, ప్రోరెస్ 4444 ఫైలుగానో అడగండి.
* ఈసారి మీరే తీస్తుంటే ముడతల్లేని ఆకుపచ్చ గుడ్డ కట్టి, దానిమీద వెలుగు సమంగా పడేలా చూడండి. మనిషి గుడ్డకు అయిదారడుగులు ముందుండాలి. కట్టుకున్నది ఆకుపచ్చ చీరయితే నీలం గుడ్డ కట్టండి. సగం పని తప్పుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం

వెనకదంతా తీసేసిన బొమ్మను ఎవరైనా ఎక్కడైనా అతికించవచ్చు. మన ఆడపిల్లల విషయంలో ఈ మాట మరవకూడదు. అనుమతి లేకుండా తమ పనికి నమూనాగా ఎక్కడా చూపించకూడదనీ, పని ముగిశాక ఫైళ్లన్నీ చెరిపేయాలనీ ఒప్పందంలో రాయించాలి. ఫైలు పేరులో పిల్ల పేరు, ఊరు పెట్టొద్దు. రాసివ్వడానికి వెనకాడేవారికి ఎంత చవకైనా పని ఇవ్వొద్దు.

నేను ధర కనుక్కోకముందే ఆ పిల్లనూ, వాళ్లమ్మనూ అడిగాను. ఇద్దరూ సరేనన్నారు. "పూర్తయ్యాక ముందు మేం చూడాలి, ఆ తర్వాతే ఎవరికైనా" అంది వాళ్లమ్మ. ఆ షరతు ఒప్పందంలో మొదటి వాక్యంగా రాశాం.