హెల్త్ ఇన్ఫర్మేటిక్స్: ఇంటి నుంచి చదివే ఆస్పత్రి చదువు – అపోహలు, వాస్తవాలు

రోగి గురించి ఒకరు రాసిపెట్టింది మరొకరికి, మరో రోజున, మరో ఊళ్లో అదే అర్థంతో అందేలా చూడటమే హెల్త్ ఇన్ఫర్మేటిక్స్ పని. గుడియాత్తంలోని తెలుగింటి పెద్దావిడ తనకు ‘షుగరు’ ఉందంటుంది. పొరుగింటి తమిళావిడ ‘సక్కరై’ అంటుంది. డాక్టరు చీటీ మీద ‘డీఎం’ అని రెండక్షరాలు గీస్తారు. ల్యాబ్ రిపోర్టులో జబ్బు పేరే ఉండదు, అంకె ఒక్కటే ఉంటుంది. జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ-10లో టైప్ 2 మధుమేహం ఈ11. స్నోమెడ్ సీటీ అనే వైద్య పదకోశంలో 44054006. డాక్టరు రాసిన ‘డీఎం’ టైప్ 1దా, టైప్ 2దా అన్నది చీటీలో లేకపోతే ఈ11 అని వేసే హక్కు ఎవరికీ లేదు. ఆ సంగతి గుర్తించి, డాక్టరును అడిగి, తేల్చి, తర్వాత నమోదు చేయడం ఈ శాస్త్రంలో తొలి పాఠం.

వేలూరు, గుడియాత్తం, పేర్ణాంబట్టు, సరిహద్దుకు ఇవతల చిత్తూరు, పలమనేరు ప్రాంతాల్లో ఆస్పత్రి ఉద్యోగం అంటే డాక్టరు, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్ అనుకోవడమే అలవాటు. ఇప్పుడు ఆ నర్సులూ టెక్నీషియన్లే డ్యూటీ చేసుకుంటూ ఆన్‌లైన్‌లో ఈ చదువు వైపు చూస్తున్నారు. దాని చుట్టూ అపోహలకూ కొదవలేదు.

అపోహ: ఇది కంప్యూటర్ వాళ్ల చదువు, కోడింగ్ రానివాళ్లకు అందదు.

గందరగోళమంతా ‘కోడింగ్’ అన్న మాటలో ఉంది. ఆ మాటకు ఈ రంగంలో రెండర్థాలున్నాయి. ఒకటి ప్రోగ్రాం రాయడం. రెండోది మెడికల్ కోడింగ్, అంటే కేస్ షీట్ చదివి అందులోని జబ్బుకూ చికిత్సకూ సరైన సంకేతం వేయడం. రెండో పనికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు, శరీర నిర్మాణమూ వైద్య పరిభాషా కావాలి. పాము కాటుకు వేసే టీ63.0నూ పురుగుమందు విషానికి వేసే టీ60.0నూ తారుమారు చేయకుండా ఉండటానికి ఇంజినీరింగ్ పట్టా పనికిరాదు, క్యాజువాలిటీలో గడిపిన రాత్రులు పనికొస్తాయి.

హెల్త్ ఇన్ఫర్మేటిక్స్ ఈ రెండు కోడింగుల కంటే విశాలమైనది. ఏ సమాచారం సేకరించాలి, ఏ రూపంలో దాచాలి, ఎవరికి చూపాలి, దాన్నుంచి ఏం తేల్చవచ్చు అన్న ప్రశ్నలు దాని పరిధిలోవి. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్ వంటి భాష కొంత నేర్చుకోక తప్పదు. ఏదైనా డిగ్రీ చేసి, ఓపిక ఉన్నవారికి అది కొన్ని నెలల పని.

అపోహ: ఇది నిన్నమొన్న అమెరికా నుంచి దిగిన విద్య, ఈ ప్రాంతానికి కొత్త.

వేలూరు విషయంలో ఇంతకంటే పొరపాటు మాట లేదు. వైద్యురాలు ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యాలయమే నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ). చిత్తూరు జిల్లా పల్లెల్లో ఇప్పటికీ ‘రాయవేలూరు ఆస్పత్రి’ అంటే అదే. ఆ సంస్థ వైరాలజీ శాస్త్రవేత్త టి.జాకబ్ జాన్ బృందం 1980లలో నాటి ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఒక నిఘా వ్యవస్థను నడిపింది. గుడియాత్తం అప్పుడు ఆ జిల్లాలోదే. పోలియో, ధనుర్వాతం, కోరింత దగ్గు వంటి జబ్బులు తమ దగ్గరికి వస్తే జిల్లాలోని ఆస్పత్రుల డాక్టర్లు ఒక పోస్టుకార్డు మీద వివరాలు రాసి పంపాలి. వచ్చిన కార్డులన్నిటినీ క్రోడీకరించి ప్రతి నెలా ఒక బులెటిన్‌గా అచ్చువేసి తిరిగి ఆ డాక్టర్లకే పంపేవారు. నార్త్ ఆర్కాట్ డిస్ట్రిక్ట్ హెల్త్ ఇన్ఫర్మేషన్ అన్న మాటల తొలి అక్షరాలు కలిపితే ‘నది’ అయింది. వర్షం పడితే తప్ప నీరు కనిపించని పాలారు ఒడ్డున ఆ పేరు పెట్టినవారికి హాస్యప్రియత్వం ఉండే ఉండాలి. 1998లో లాన్సెట్ పత్రిక ఈ నమూనాను ప్రచురించింది. తర్వాత కేరళలోని కొట్టాయం జిల్లా దీన్ని అనుసరించింది.

ఈ శాస్త్రంలోని ముఖ్య సూత్రాలు ఆ పోస్టుకార్డులో దాదాపు అన్నీ ఉన్నాయి. ఫారం ఎంత చిన్నదైతే అంత నిండుతుంది. అడిగే జబ్బుల జాబితాకు హద్దుండాలి. రాసి పంపినవాడికి తిరిగి ఏదో ఒకటి అందాలి, లేకుంటే మూడో నెలకే మానేస్తాడు. కోట్లు పోసి కొన్న ఆస్పత్రి సాఫ్ట్‌వేర్లు చాలాచోట్ల మూలపడింది కంప్యూటర్లు లేక కాదు, ఈ మూడో సూత్రం మరిచిపోయినందుకే.

వేలూరు పక్కనే ఉన్న కణియంబాడి బ్లాకు మరో ఉదాహరణ. అక్కడ సీఎంసీ సామాజిక ఆరోగ్య విభాగం గ్రామ ఆరోగ్య కార్యకర్తల ద్వారా లక్ష పైచిలుకు జనాభాలో జననాలూ మరణాలూ నమోదు చేయిస్తుంది. చనిపోయినవారి బంధువులను అడిగి మరణ కారణం తేల్చే పద్ధతిలో 1994–99 మధ్య లెక్క తీస్తే, ఆత్మహత్యలు ఏటా లక్షకు 95 చొప్పున తేలాయి. పోలీసు కేసుల మీద ఆధారపడే అప్పటి జాతీయ గణాంకాల్లో ఆ రేటు సుమారు 11. ఈ అధ్యయనం 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పోలీసు లెక్కలో కనపడని చావులు, ఇంటికి వెళ్లి అడిగినవారి లెక్కలో కనపడ్డాయి.

అపోహ: ఆన్‌లైన్ పట్టాకు విలువ లేదు.

దీనికి ఎదురుగా ఇంకో అపోహ కూడా ఉంది: ఆన్‌లైన్‌లో ఏ పట్టా తీసుకున్నా చెల్లుతుందని. రెండూ తప్పే, రెండోది జేబుకు చిల్లు పెట్టే తప్పు.

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2020 నిబంధనల ప్రకారం గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం, అనుమతి పొందిన కోర్సును ఆన్‌లైన్‌లో చెప్పి ఇచ్చే డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం. 2022 సెప్టెంబరులో యూజీసీ ఈ మాటను మళ్లీ స్పష్టం చేసింది. అయితే వైద్యం, నర్సింగ్, ఫార్మసీ వంటివి మొదటినుంచీ ఈ వెసులుబాటుకు బయటే ఉన్నాయి. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఆ చట్టం షెడ్యూలులో హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్, హెల్త్ ఇన్ఫర్మేటిక్ నిపుణులకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. క్లినికల్ కోడర్లూ, మెడికల్ రికార్డు విశ్లేషకులూ అందులోకే వస్తారు. ఇది ఆ వృత్తికి దక్కిన గౌరవమే. కానీ ఆ గౌరవానికి ఒక మూల్యం ఉంది. ఆ చట్టం పరిధిలోని ఆరోగ్య, అనుబంధ కోర్సులను 2025 జులై–ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపరాదని యూజీసీ ఆదేశించింది. సైకాలజీకి కూడా ఇదే వర్తించడంతో ఆ వార్తకే ఎక్కువ ప్రచారం వచ్చింది. ఇన్ఫర్మేటిక్స్ విద్యార్థుల్లో చాలామంది దాన్ని తమ వార్తగా చదవలేదు.

కాబట్టి కొత్తగా చేరేవారు డిగ్రీనీ సర్టిఫికెట్టునూ వేరుగా చూడాలి. గుర్తింపు ఉన్న వృత్తి డిగ్రీ కావాలంటే సీఎంసీ అందించే మెడికల్ రికార్డ్ సైన్స్ డిగ్రీ వంటి, తరగతికి హాజరయ్యే కోర్సే దారి. ఇప్పటికే నర్సింగ్, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్, కంప్యూటర్ డిగ్రీ ఏదో ఒకటి చేతిలో ఉండి, పైన నైపుణ్యం కావాలనుకునేవారికి ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు చాలు. అమెరికన్ మెడికల్ ఇన్ఫర్మేటిక్స్ అసోసియేషన్ ఒరెగాన్ హెల్త్ అండ్ సైన్స్ యూనివర్సిటీతో కలిసి 2005లో మొదలుపెట్టిన ‘10×10’ కోర్సు ఈ కోవలో పేరున్నది. ఇలాంటివి నేర్పుతాయి; ఇక్కడి ప్రభుత్వ నియామకానికి డిగ్రీకి బదులుగా నిలబడవు. ఆన్‌లైన్ డిగ్రీ ఇస్తామని ఎవరు చెప్పినా, ఆ కోర్సు ఆ సంవత్సరానికి యూజీసీ దూరవిద్యా బ్యూరో జాబితాలో ఉందో లేదో ఫీజు కట్టేముందే చూసుకోవాలి. ఏజెంటు ఫోనులో చూపించే అనుమతి పత్రం నిరుటిది కావచ్చు.

అపోహ: పార్ట్‌టైం అంటే తీరిక దొరికినప్పుడు చదివేది.

ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 12 క్రెడిట్ల సర్టిఫికెట్టుకు 360 గంటలు. వారానికి 8 గంటలు కేటాయిస్తే 45 వారాలు పడుతుంది. నైట్ డ్యూటీ వారంలో ఆ 8 గంటలు దొరకవు, ఆ బాకీ తర్వాతి వారం మీద పడుతుంది.

అపోహ: అంతా తెర మీదే నేర్చుకోవచ్చు; లేదా, ఆస్పత్రి డేటా చేతిలో లేకుండా ఏమీ నేర్చుకోలేరు.

సాధన చేయడానికి కావలసిన సరంజామా ఉచితంగా దొరుకుతుంది. ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అనే ఓపెన్ సోర్స్ రికార్డు వ్యవస్థ, దాని మీదే కట్టిన బహ్మ్‌ని సొంత కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు. బహ్మ్‌ని పుట్టింది ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర గనియారి గ్రామీణ ఆస్పత్రి అవసరాల కోసం. బోస్టన్ ఆస్పత్రి ఐసీయూ రికార్డుల నుంచి గుర్తింపు వివరాలు తీసేసి రూపొందించిన మిమిక్ డేటాను, పరిశోధన నైతికతపై ఒక చిన్న ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసి అనుమతి తీసుకుంటే ఎవరైనా వాడుకోవచ్చు. 2014లో భారత్ సభ్యత్వం తీసుకున్నందువల్ల స్నోమెడ్ సీటీ దేశంలో ఉచితం.

తెర నేర్పనిది రిజిస్ట్రేషన్ కౌంటరు నేర్పుతుంది. పేర్ల సంగతే చూడాలి. తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది. తమిళులకు ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరులోని తొలి అక్షరం ఉంటుంది. వైద్యానికి బెంగాల్ నుంచి వేలూరుకు వచ్చేవారికి వంశనామం చివర వస్తుంది. గుడియాత్తం, పేర్ణాంబట్టు ముస్లిం కుటుంబాల్లో తండ్రీకొడుకుల పేర్లలో ఒక్క ముక్కా కలవకపోవచ్చు. ‘ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్’ అని మూడు గళ్లు గీసిన ఫారంలో ఈ నలుగురూ నాలుగు రకాలుగా ఇరుక్కుంటారు. చిత్తూరులో వెంకటేశులుగా ఉన్న మనిషి వేలూరు కౌంటరులో వెంకటేశన్ అవుతాడు. పుట్టిన తేదీతో పోల్చి పట్టుకుందామంటే, ఆధార్‌లో ఏడాది మాత్రమే చెప్పిన పెద్దలందరూ జనవరి 1నే పుట్టినట్టు ఉంటుంది. ఒక మనిషికి రెండు రికార్డులు పుడితే పెన్సిలిన్ పడదన్న హెచ్చరిక ఒకదాంట్లోనే మిగిలిపోతుంది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 14 అంకెల ఆభా అనే ఆరోగ్య గుర్తింపు నంబరు ఇస్తున్నది ఇలాంటి చిక్కులు తీర్చడానికే. అది స్వచ్ఛందం కాబట్టి, అందరికీ ఉంటుందని అనుకోవడానికి లేదు.

కోర్సు చదువుతూ ఆస్పత్రిలో పనిచేసేవారికి ఉన్న అసలు లాభం ఇక్కడే. పాఠంలో ‘రోగి గుర్తింపు’ అని వచ్చినదాన్ని మర్నాడు ఉదయం ఓపీ క్యూలో చూడగలరు.

అపోహ: కోర్సు కాగానే ఉద్యోగం ఖాయం.

చెన్నై, హైదరాబాద్‌లలోని మెడికల్ కోడింగ్ కంపెనీల పని ఎక్కువగా అమెరికా బీమా బిల్లులది. అక్కడ వాడే ఐసీడీ-10-సీఎం, సీపీటీ వేరే సంకేతాలు. ఇక్కడి బీమా పథకాల ప్యాకేజీ సంకేతాలు వేరు. ఒకటి నేర్చితే రెండోది వచ్చేసినట్టు కాదు. పైగా తేలికైన కేసులకు సంకేతం వేయడం సాఫ్ట్‌వేర్ చేతికి పోతోంది. మిగిలేవి చిక్కు కేసులు, తనిఖీ పని. స్థానికంగా మెడికల్ రికార్డు విభాగం, బీమా డెస్కు, నాణ్యతా విభాగం, పరిశోధన ప్రాజెక్టుల డేటా పని, ప్రభుత్వ కార్యక్రమాల నమోదు వంటి చోట్ల కొలువులుంటాయి. తమిళనాడులో గర్భిణుల నమోదు పిక్మీ అనే వ్యవస్థలో జరుగుతుంది. 2021 ఆగస్టులో మొదలైన మక్కళై తేడి మరుత్తువం పథకం ఇళ్లకు వెళ్లి బీపీ, షుగరు రోగులకు మందులిస్తుంది. ఎవరికి ఏ మందు ఎప్పుడు అందిందో రాసిపెట్టకపోతే అది ముందుకు సాగదు. అనుభవం లేని కొత్త పట్టభద్రుడి కంటే ఎనిమిదేళ్లు వార్డులో చేసిన నర్సుకు ఈ సర్టిఫికెట్టు ఎక్కువ పనికొస్తుంది. అది దానంతటదే ప్రమోషన్ తెచ్చిపెట్టదు.

అపోహ: పేరు చెరిపేస్తే రోగి వివరాలు ఎక్కడైనా వాడుకోవచ్చు.

ప్రాజెక్టు కోసం డ్యూటీలో చూసిన రికార్డును ఫొటో తీసి, పేరు మీద నల్లగీత గీసి అప్‌లోడ్ చేసే అలవాటు ఆన్‌లైన్ విద్యార్థుల్లో కనిపిస్తుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ప్రకారం, మనిషిని గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ సమాచారమైనా వ్యక్తిగత డేటాయే, పేరు ఉన్నా లేకున్నా. మహానగరంలో వయసు, వీధి, జబ్బు చెబితే మనిషి దొరకకపోవచ్చు. గుడియాత్తం నెల్లూరుపేటలో ఫలానా నెలలో పాము కరిచిన పదహారేళ్ల అమ్మాయి అని రాస్తే, ఆ పిల్ల ఎవరో వీధి చివరి టీ కొట్టులోనే చెబుతారు.