బేస్ రావట్లేదా? వాల్యూమ్ పెంచకండి!

కొత్త ఇయర్‌బడ్స్ కొన్నారు. ఫోన్‌కి కనెక్ట్ చేసి పాట పెట్టారు. 'ఇంతేనా?' అనిపించింది. రివ్యూల్లో అంత గొప్పగా చెప్పిన బేస్ ఎక్కడా వినిపించలేదు. వాల్యూమ్ ఇంకో రెండు గీతలు పెంచారు. ఇప్పుడు పర్లేదు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. చెవికి కష్టం మొదలయ్యేది మాత్రం ఇక్కడే.

ఒకసారి ఆ డబ్బా మళ్లీ తెరవండి. అడుగున చిన్న కవర్లో రెండు జతల రబ్బరు టిప్స్ ఉంటాయి. ఒకటి చిన్న సైజు, ఇంకోటి పెద్దది. బడ్స్‌కి ముందే తొడిగి వచ్చేవి సాధారణంగా మీడియం. ఆ కవర్ చించి చూసినవాళ్లు నా ఫ్రెండ్స్‌లోనే చాలా తక్కువ. ఎనిమిది వేలు పెట్టి కొన్న బడ్స్ కూడా టిప్ సరిగా కూర్చోకపోతే ఎనిమిది వందల వాటిలాగే మోగుతాయి.

కారణం సింపుల్. బడ్ లోపలుండే స్పీకర్ మహా అయితే చొక్కా గుండీ అంత. అంత చిన్నది డ్రమ్స్, బేస్ గిటార్ లాంటి లోతైన శబ్దాలు వినిపించాలంటే చెవి రంధ్రం గాలి చొరకుండా మూసుకుని ఉండాలి. కాస్త సందు ఉన్నా లో ఫ్రీక్వెన్సీలన్నీ అక్కడ్నుంచే జారిపోతాయి. మిగిలేది గొంతు, తాళాల చప్పుడు, 'స', 'ష'ల కీచు. వాల్యూమ్ పెంచితే బేస్‌తో పాటు ఈ కీచు కూడా అంతే పెరుగుతుంది. పైగా మన చెవి రంధ్రం 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాల్ని తనంతట తానే పెంచి లోపలికి పంపుతుంది. పెద్ద శబ్దాల వల్ల వినికిడి ముందుగా తగ్గేది కూడా అక్కడికి కొంచెం పైన, 4,000 హెర్ట్జ్ దగ్గర. అందుకే సౌండ్ క్వాలిటీ వేరు, చెవి భద్రత వేరు అని నేననుకోను. టిప్ సరిగ్గా కుదిరితే రెండూ కుదురుతాయి.

ఎలా తెలుస్తుంది? ఒక చేత్తో చెవిని కొంచెం పైకి, వెనక్కి లాగి పట్టుకుని, రెండో చేత్తో బడ్ పెట్టి మెల్లగా తిప్పండి. 'ఆ...' అనండి. మీ గొంతు కుండలో మాట్లాడినట్టు గుమ్ముగా వినిపిస్తే మూత పడినట్టే. మామూలుగానే వినిపిస్తే సైజు మార్చండి. రెండు చెవులకీ ఒకే సైజు పట్టాలని రూలేం లేదు. కుడికి మీడియం, ఎడమకి చిన్నది సరిపోవచ్చు. సిలికాన్ ఏదీ నిలవకపోతే ఫోమ్ టిప్స్ విడిగా దొరుకుతాయి.

ఇక డెసిబెల్స్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ దాకా ఫర్వాలేదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగమైపోతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5. అలా 98కి చేరితే వారం మొత్తానికి 37 నిమిషాలే. మూడే కదా అనుకోకండి, ప్రతి మూడుకీ చెవిలోకి వెళ్లే శక్తి రెట్టింపవుతుంది. '60 శాతం వాల్యూమ్ సేఫ్' అన్న సూత్రం కూడా అందరికీ పనికిరాదు. ఒకే ఫోన్‌లో ఒకే 60 శాతం దగ్గర రెండు రకాల బడ్స్ వేర్వేరు డెసిబెల్స్ ఇస్తాయి. ఐఫోన్‌లో హెల్త్ యాప్ ఈ లెక్క చూపిస్తుంది, పెద్ద శబ్దాల్ని తగ్గించే సెట్టింగ్ కూడా ఉంది. సామ్‌సంగ్ ఫోన్లలో మీడియా వాల్యూమ్‌కి లిమిట్ పెట్టుకోవచ్చు.

మనలో ఎక్కువమంది వాల్యూమ్ పెంచేది ఇంట్లో కాదు, బస్సులో. ఇంజిన్ మోత మీద పాట వినిపించాలి కాబట్టి పెంచుతాం. ఏఎన్‌సీ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. ఇంజిన్, ఏసీ, ఫ్యాన్ లాంటి ఏకధాటి మోతని అది బాగా తగ్గిస్తుంది. కండక్టర్ కేకల్ని పెద్దగా ఆపలేదు. రోడ్డు దాటేటప్పుడు, పట్టాల పక్కన నడిచేటప్పుడు మాత్రం బడ్స్ తీసేయండి. పాట ఎక్కడికీ పోదు.

డబ్బా మీద '13 ఎంఎం డ్రైవర్', 'ఎక్స్‌ట్రా బేస్' అని ఉంటే పడిపోకండి. గిన్నె పెద్దదైతే కూర రుచి పెరగదు. రోజుకి ఆరేడు గంటలు ఆన్‌లైన్ క్లాసులు వినేవాళ్లకైతే బేస్ ఎక్కువున్న బడ్స్ అసలు వద్దంటాను. సార్ గొంతు ఆ గుమగుమలో మునిగిపోతుంది, మళ్లీ వాల్యూమ్ పెంచాల్సి వస్తుంది. నిశ్శబ్దమైన గదిలో, మామూలుగా మాట్లాడుకునేంత సౌండ్‌తో క్లాసు వింటుంటే గంటల గురించి మరీ భయపడక్కర్లేదు.

ఉద్యోగాల కోణం కూడా ఉంది. ఎన్‌డీఏ, సీడీఎస్ రాసేవాళ్లు మెడికల్స్ దాకా ఈ సంగతి పట్టించుకోరు. 610 సెంటీమీటర్ల దూరం నుంచి గుసగుసగా అన్న మాట ఒక్కో చెవికీ విడివిడిగా వినిపించాలి. పైలట్ కావాలనుకుంటే ఆడియోమెట్రీ పరీక్ష ఉంటుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు పుట్టుకతో దాదాపు 15 వేలు. పోయినవి మళ్లీ మొలవవు. రాత పరీక్షలాగా సప్లిమెంటరీ లేదు దీనికి.

బడ్స్‌ని ఫ్రెండ్స్‌తో పంచుకోకండి. వారానికోసారి టిప్ తీసి కడిగి, ఆరాకే తొడగండి. జాలీ మీద చేరిన గులిమిని పొడి బ్రష్‌తో తుడిస్తే చాలు. చాలాసార్లు 'ఒక బడ్ పాడైంది' అనే కంప్లయింట్ దీంతోనే తీరిపోతుంది. చెవిలో గులిమి కోసం మాత్రం పుల్లలు, కాటన్ బడ్స్ పెట్టొద్దు, అది ఇంకా లోపలికి పోతుంది.

బడ్స్ తీశాక చెవుల్లో 'కుయ్' మంటుంటే ఆ రోజుకి పాటలు ఆపేయండి. మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ని కలవండి. నిద్ర లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి మూగబోతే అసలు ఆగొద్దు, అదే రోజు వెళ్లండి. దానికి వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. జలుబు వల్ల అనుకుని, నూనె చుక్కలు వేసుకుని వారం చూద్దాం అనుకుంటే ఆ టైమ్ కాస్తా దాటిపోతుంది.